కంప్యూటరులో ఒంటిదారి

గుంటూరు నుండి తెనాలికి పోయే రైలుమార్గం మీద, తెనాలికి ముందు వచ్చే చిన్న స్టేషను అంగలకుదురు. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు 1916లో గుంటూరు నుండి రేపల్లెకు వేసిన దారి ఇది. గుంటూరు తెనాలి మధ్య రెండవ దారి 2019లో గాని పూర్తి కాలేదు. అంతకు పూర్వం నూరేండ్లకు పైగా అది ఒంటిదారి. పోయే బండికీ, వచ్చే బండికీ ఉన్నవి ఆ రెండు పట్టాలే.

ఒకే దారిని వాడుకొనే రెండు బండ్లు ఎదురుపడకుండా ఎట్లా నడుస్తవి? ఈ ప్రశ్నకు రైల్వేవారు కనుగొన్న సమాధానం నేటి కంప్యూటరు శాస్త్రంలో ఒక ముఖ్య సూత్రానికి చాలా దగ్గరగా ఉన్నది. ఆ సూత్రాన్ని తెలియక, ఒక కార్యాలయంలో మళ్ళీ సంపాదించుకోలేని వస్తువు ఒకటి పోగొట్టుకోవడం నేను కళ్ళారా చూచినాను. అందుచేత ఈనాటి ప్రసంగానికి దీనిని విషయంగా తీసుకొన్నాను.

మన దేశంలో ఒంటిదారుల మీద ఎంతోకాలం వాడిన పద్ధతి టోకెను పద్ధతి. ఇరుప్రక్కల ఉన్న స్టేషను మాస్టర్ల గదులలో ఒక్కొక్క యంత్రం ఉండేది. ఆ రెండు యంత్రాలనూ విద్యుత్తంత్రితో కలిపేవారు. యంత్రంలో ఉక్కు గుండ్లు ఉండేవి. ఈ కొసన ఒక గుండును వెలికి తీస్తే, అది తిరిగి ఏదో ఒక కొసన యంత్రంలో పడేవరకు, రెండింటిలో దేనినుండీ మరొక గుండు బయటికి రాదు. ఆ గుండును తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి కట్టి డ్రైవరు చేతికి అందించేవారు. గుండు చేతిలో లేనిదే డ్రైవరు బండిని ముందుకు కదల్చరాదు. పాతతరం ప్రయాణీకులలో ఆ వలయాన్ని చూడనివారు అరుదు.

ఈ ఏర్పాటుకు వెనుక ఒక ఘోరమైన అనుభవం కలదు. 1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి ఇంగ్లండులోని నార్విచ్ పట్టణానికి సమీపాన, థోర్ప్ అనే చోట, ఒంటిదారి మీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నవి. పాతికమంది దాకా మరణించారు. అప్పట్లో ఒక స్టేషను నుండి మరొక స్టేషనుకు తంతి ద్వారా అనుమతి పంపేవారు. ఆ రాత్రి ఒక బండికి అనుమతి వార్త పోయినది. ఇంతలో ఇటునుండి రెండవ బండి బయలుదేరినది. పొరపాటు గ్రహించి మొదటి అనుమతిని రద్దు చేయబోయేసరికి, ఆ బండి అప్పటికే కదలిపోయినదని జవాబు వచ్చినది. ఎదురెదురుగా పోతున్న ఆ రెండు బండ్లను ఆపడానికి ఎవరి చేతిలోనూ సాధనం లేకపోయినది. ఆ తరువాత 1878లో ఎడ్వర్డ్ టైయర్ అనే ఇంజనీరు ఇటువంటి విద్యుద్యంత్రానికి రూపకల్పన చేసినాడు. మన దేశంలోని గుండ్ల యంత్రాలు దాని తరువాతి తరానివి.

టైయరు చేసిన మార్పు ఏమిటో కొంచెం నిదానించి చూడవలె. దారి ఖాళీగా ఉన్నదా అని విచారించడం ఒక పని. దారిని మన వశం చేసుకోవడం మరొక పని. తంతివార్తల కాలంలో ఈ రెండింటికి మధ్య కొంత వ్యవధి ఉండేది. ప్రమాదం ఆ వ్యవధిలోనే ప్రవేశించినది. గుండు చేతికి రావడంలో ఈ రెండు పనులూ ఒక్కటైపోయినవి. గుండు వచ్చినదంటే దారి ఖాళీగా ఉన్నదనీ, అది ఇక మనదనీ ఒకేసారి తేలిపోయినది.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాము. నేను ప్రస్తావించిన కార్యాలయంలో పాత అయస్కాంతపు టేపుల మీది ధ్వనులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఆ టేపులలో కొన్ని ఎంత శిథిలమైనవంటే, ఒకసారి తిప్పేసరికి పూత పొడిపొడిగా రాలిపోయేది. రెండవసారి తిప్పడానికి ఏమీ మిగిలేది కాదు. ఎక్కించిన ధ్వనిని శుద్ధిచేసి భాండారంలో చేర్చి, మూలఫైలును చెరిపివేయడానికి ఒక ఆదేశాన్ని వ్రాసిపెట్టినారు. ప్రతి పది నిమిషాలకు ఒకసారి ఆ ఆదేశాన్ని నడిపించే భారం క్రాన్ అనే సేవకునికి అప్పగించినారు. ఈ క్రాన్ గడియారాన్ని మాత్రమే చూచేవాడు. వేళ కాగానే పని మొదలుపెడతాడు. క్రిందటిసారి పెట్టిన పని పూర్తి అయినదా లేదా అని అడగడు.

మామూలుగా ఆ పని నాలుగైదు నిమిషాలలో ముగిసేది. కనుక నెలల తరబడి ఏ ఇబ్బందీ కనబడలేదు. ఒకనాడు రెండు గంటల హరికథ ఒకటి వచ్చినది. మొదటి ఆదేశం దానిని శుద్ధిచేస్తూ, ఫలితాన్ని భాండారంలోని ఫైలులో వ్రాస్తూ ఉండగానే పది నిమిషాలు నిండినవి. రెండవ ఆదేశం బయలుదేరినది. అదే హరికథను అదీ తీసుకొన్నది. వ్రాయబోయే ఫైలును ముందుగా ఖాళీ చేయడం దాని అలవాటు. అట్లే ఖాళీ చేసి, ధ్వని తీవ్రతను కొలవడం మొదలుపెట్టినది. మొదటి ఆదేశానికి ఈ సంగతి తెలియదు. అది తాను వ్రాస్తున్న చోటినుండే మిగిలిన భాగాన్ని వ్రాసి ముగించి, పని అయినది గదా అని మూలాన్ని చెరిపివేసినది. రెండవది కొలత ముగించి మూలాన్ని మళ్ళీ తెరవబోతే, మూలం లేదు. తప్పిదమని చెప్పి ఆగిపోయినది. భాండారంలో ఫైలు ఉన్నది. దాని పరిమాణం కూడ సరిగానే ఉన్నది. కాని లోపల తొలి భాగమంతా సున్నలు. కథకుని కంఠం చివరి కొద్ది నిమిషాలలో మాత్రమే వినవచ్చినది. టేపును వెదకి తీస్తే, చక్రం క్రింద గోధుమరంగు పొడి మిగిలినది.

ఇందులో ఎవరి అజాగ్రత్త ఉన్నదని చెప్పగలము? రెండు ఆదేశాలూ తమకు చెప్పిన పనినే తూచా తప్పకుండా చేసినవి. విడివిడిగా చూస్తే ఒక్కదానిలోనూ దోషం లేదు. ఒంటిదారి మీదికి రెండింటిని ఒకేసారి వదలడమే దోషం.

ఈ చిక్కును గురించి 1965లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ప్రసిద్ధమైన వ్యాసం ప్రకటించినాడు. ఒక సమయాన ఒకరే ప్రవేశించవలసిన పనిభాగాన్ని ఆయన వేరుచేసి చూపినాడు. దానికి కాపలా ఉండే సాధనానికి సెమఫోర్ అని పేరు పెట్టినాడు. సెమఫోర్ అంటే రైలు స్టేషను చివర చెయ్యి ఎత్తి దించే సిగ్నలు స్తంభమే. రైలుదారికీ కంప్యూటరుకూ ఉన్న పోలిక నేను కొత్తగా కల్పించినది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

హరికథ పోయిన తరువాత ఆ కార్యాలయంవారు మొదట చేసినది చాలామంది చేసే పనే. ఆదేశం మొదలుకాగానే, జెండా అనే పేరుతో ఒక చిన్న ఫైలు ఉన్నదా అని చూస్తుంది. లేకపోతే దానిని తానే సృష్టించి, పని ముగిసిన తరువాత తీసివేస్తుంది. ఉన్నట్లయితే వెనుదిరిగి పోతుంది. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. కాని థోర్ప్ తంతివార్తలోని లోపమే ఇందులోనూ ఉన్నది. జెండా లేదని చూడడానికీ, జెండాను పాతడానికీ మధ్య లిప్తపాటు వ్యవధి కలదు. ఆ లిప్తలో రెండవ ఆదేశం కూడ వచ్చి చూస్తే, దానికీ జెండా కనబడదు. రెండూ పాతుతవి, రెండూ లోపలికి పోతవి.

ఈ లోపాన్ని సవరించడానికి ఒక ఉపాయం కలదు. ఫైలుకు బదులుగా ఒక సంచయాన్ని, అనగా డైరెక్టరీని, సృష్టించవచ్చును. ఒకే పేరుతో రెండు సంచయాలను సృష్టించడానికి యంత్రం ఒప్పుకొనదు. మొదటివానికి విజయం, రెండవవానికి నిరాకరణ. చూడడమూ పాతడమూ ఒకే చర్య అయినవి. అయినప్పటికీ రెండవ లోపం మిగిలే ఉన్నది. పని నడుమ కరెంటు పోయినదనుకొనండి. లేదా ఆదేశం ఏ కారణం చేతనో అర్ధాంతరంగా కూలిపోయినదనుకొనండి. జెండాను తీసివేయవలసిన చెయ్యి ఇక లేదు. జెండా మాత్రం అట్లే నిలిచి ఉంటుంది. ఆ తరువాత వచ్చిన ప్రతి ఆదేశమూ లోపల ఎవరో ఉన్నారని తలచి వెనుదిరుగుతుంది. డ్రైవరు గుండును జేబులో వేసుకొని ఇంటికి పోయినట్లే. దారి ఖాళీ, కాని బండి నడవదు. ఇట్లా రెండు మూడుసార్లు జరిగేసరికి, జెండా కనబడగానే ఆలోచించకుండా తీసివేయడం మనుష్యులకు అలవాటవుతుంది. ఒకనాడు నిజంగా లోపల పని జరుగుతున్నప్పుడు కూడ తీసివేస్తారు.

అందుచేత కావలసిన తాళానికి రెండు గుణాలుండవలె. విచారించడమూ వశం చేసుకోవడమూ ఒకే క్షణంలో జరగవలె. పట్టుకొన్నవాడు ఏ విధంగా నిష్క్రమించినా, తాళం తనంతట విడిపోవలె. ఈ రెండు గుణాలూ గల తాళం యూనిక్సు వంశపు యంత్రవ్యవస్థలలో చాలాకాలంగా ఉన్నది. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖవారు వెలువరించిన 4.2 బి.ఎస్.డి. అనే వ్యవస్థలో ఫ్లాక్ అనే పిలుపు ప్రవేశించినది. ఫైలు, లాక్ అన్న రెండు మాటల కలయికవల్ల ఏర్పడిన పేరు ఇది.

లాకు అనగానే తెనాలి ప్రాంతంవారికి మొదట తోచేది కాలువ మీది లాకు. దుగ్గిరాల లాకులు తెలియనివారు ఇక్కడ లేరు. పూర్వం పడవలను ఒక మట్టం నుండి మరొక మట్టానికి దించిన ద్వారాలవి. అక్కడ కూడ రెండు తలుపులూ ఒకేసారి తెరవరాదన్న కట్టడి ఉన్నది. మన ఫ్లాకుకు ఈ కాలువ లాకుతో చుట్టరికం పేరులోనే కాదు, స్వభావంలోనూ కొంత కలదు.

ఫ్లాక్ తాళాన్ని కాపాడేది వ్యవస్థకు మూలమైన కెర్నెల్. ఒక ఆదేశం ఏదైనా ఫైలును తెరచి తాళం అడిగితే, కెర్నెల్ తన స్మృతిలో గుర్తు పెట్టుకొంటుంది. ఫైలులో ఏమీ వ్రాయదు. ఫైలు కేవలం తాళం పేరుకు ఒక ఆనవాలు. అది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. ఆదేశం ముగిసినా, కూలిపోయినా, ఎవరైనా దానిని బలవంతంగా చంపినా, తెరచిన ఫైళ్ళన్నింటినీ కెర్నెల్ మూసివేస్తుంది. దానితోబాటు తాళమూ విడిపోతుంది. యంత్రమే ఆగిపోతే స్మృతితోబాటు తాళమూ పోతుంది. మరునాడు ఉదయం పాత జెండా ఏదీ అడ్డు నిలువదు.

ఈ పిలుపును ఆదేశపంక్తి నుండి సులభంగా వాడుకొనేందుకు లినక్సులో అదే పేరుగల ఒక చిన్న సాధనం కలదు. హెచ్. పీటర్ ఆన్విన్ వ్రాసిన ఈ సాధనం యుటిల్-లినక్సు అనే సంపుటిలో భాగంగా వస్తున్నది. దానిని వాడే తీరు ఇది. రోమను లిపిలో చిన్న అక్షరాలతో టైపు చేయవలసినదానిని ఇక్కడ మన లిపిలో చూపుతున్నాను.

ఫ్లాక్ -ఎన్ /రన్/లాక్/ధ్వని.లాక్ శుద్ధి

మొదటి మాట సాధనం పేరు. రెండవది దానికిచ్చే సూచన. మూడవది తాళానికి ఆనవాలుగా ఉండే ఫైలు. లేకపోతే సాధనమే సృష్టిస్తుంది. చివరిది తాళం దొరికిన తరువాత నడవవలసిన అసలు ఆదేశం. అడ్డుగీతతో కూడిన ఎన్ అన్న సూచనకు అర్థం, తాళం మరొకరి చేతిలో ఉంటే వేచి ఉండక వెంటనే తిరిగి రావలెనని. పది నిమిషాలకు ఒకసారి నడిచే పనులకు ఇదే తగినది. ఈసారి వీలుకాకపోతే పది నిమిషాల తరువాత మళ్ళీ వంతు వస్తుంది. ఆ కార్యాలయంలో ఈ ఒక్క పంక్తి ముందే ఉన్నట్లయితే హరికథ నిలిచేది.

ఎన్ అన్న సూచన ఇవ్వకపోతే ఆదేశం తాళం దొరికేవరకు ఎంతకాలమైనా వేచి ఉంటుంది. తప్పక జరగవలసిన పనికి ఇది మేలు. కాని మొదటి పని ఎక్కడో చిక్కుకొని కదలకపోతే, వెనుక వచ్చినవన్నీ బారులు తీరి యంత్రాన్ని క్రుంగదీస్తవి. నడిమార్గంగా డబ్ల్యు అన్న సూచనతో ఇన్ని సెకండ్లు మాత్రమే వేచి ఉండవలెనని చెప్పవచ్చును.

తాళం దొరకక తిరిగివచ్చినప్పుడు సాధనం 1 అన్న సంఖ్యను ఫలితంగా ఇస్తుంది. తాళం దొరికితే అసలు ఆదేశం ఇచ్చిన ఫలితాన్నే మనకు అందిస్తుంది. ఆ ఆదేశం కూడ తన వైఫల్యానికి 1 అనే చెప్పవచ్చును. అప్పుడు వంతు రాలేదా, వచ్చి చెడినదా అన్నది తెలియదు. పెద్ద అక్షరం ఇ అన్న సూచనతో మరొక సంఖ్యను, ఉదాహరణకు 75ను, కేటాయించుకొంటే ఈ సందేహం ఉండదు.

ఎస్ అన్న సూచనతో దొరికేది ఉమ్మడి తాళం. గ్రంథాలయంలో ఒకే పట్టికను పదిమంది ఒకేసారి చదివినా నష్టం లేదు. దిద్దేవాడు వచ్చినప్పుడు మాత్రం మరెవ్వరూ ఉండరాదు. అట్లే చదివే ఆదేశాలు ఉమ్మడి తాళాన్నీ, వ్రాసే ఆదేశం ఏకాంత తాళాన్నీ అడగవలె. ఏ సూచనా ఇవ్వకపోతే సాధనం ఏకాంత తాళాన్నే అడుగుతుంది.

ఇంత మంచి సాధనానికి కూడ కొన్ని హద్దులున్నవి.

మొదటిది, ఈ తాళం మర్యాద మీద ఆధారపడినది. తాళాన్ని అడిగినవానిని మాత్రమే కెర్నెల్ నిలుపుతుంది. అడగకుండా తిన్నగా పోయి ఫైలులో వ్రాసేవానికి అడ్డు చెప్పదు. టోకెను లేకుండా బండి కదల్చే డ్రైవరును ఉక్కుగుండు ఆపలేదు గదా! కనుక ఆ భాండారాన్ని తాకే ప్రతి ఆదేశమూ అదే తాళాన్ని అడిగి తీరవలె. క్రానులోని పంక్తికి తాళం వేసి, మధ్యాహ్నం ఎవరో తమ చేత్తో అదే ఆదేశాన్ని తాళం లేకుండా నడిపితే, కథ మళ్ళీ మొదటికి వస్తుంది. తాళం అడిగే భాగాన్ని ఆదేశం లోపలనే చేర్చి వ్రాయడం ఇందుకు మంచి విరుగుడు.

రెండవది, పని అయిన తరువాత ఆనవాలు ఫైలును శుభ్రత కోసమని చెరిపివేయరాదు. అదే ఫైలు కోసం ఒకడు ముందే వచ్చి వేచి ఉన్నాడనుకొనండి. మనం ఫైలును చెరిపి తాళం విడిచితే, వానికి చెరిపిన పాత ఫైలు మీద తాళం దొరుకుతుంది. తరువాత వచ్చిన మూడవవాడు అదే పేరుతో కొత్త ఫైలును సృష్టించి దాని మీద తాళం పట్టుకొంటాడు. పేరు ఒకటే, వస్తువులు రెండు. ఇద్దరూ లోపల ఉంటారు. ఖాళీ ఫైలు ఒకటి అక్కడ పడి ఉంటే వచ్చే నష్టమేమీ లేదు; దానిని కదపకుండా ఉంచవలె.

మూడవది, తాళం పట్టిన ఆదేశం తన తరఫున మరొక పనిని నేపథ్యంలో వదలిపెట్టి తాను ముగిసిపోతే, తెరచిన ఫైలు ఆ పిల్ల పనికి వారసత్వంగా వస్తుంది. పిల్ల బ్రతికి ఉన్నంతసేపు తాళం విడిపోదు. అసలు పని ముగిసినా తరువాతివానికి వంతు రాదు. ఓ అన్న సూచన ఇస్తే, అసలు ఆదేశాన్ని మొదలుపెట్టే ముందు సాధనం ఆ ఫైలును దానికి అందకుండా మూసి, తాళాన్ని తనవద్దనే ఉంచుకొంటుంది.

నాల్గవది, రెండు తాళాలు కావలసిన పనులున్నప్పుడు అన్నీ ఒకే వరుసలో అడగవలె. ఒకటి ముందు పట్టికనూ, రెండవది ముందు భాండారాన్నీ పట్టుకొని, ఎదుటివాని చేతిలోని దానికై వేచి ఉంటే, ఇద్దరికీ విముక్తి లేదు.

చివరిది, ఈ తాళం ముఖ్యంగా ఒకే యంత్రం లోపలి పనులకు ఉద్దేశించినది. ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిలో అనేక యంత్రాలు ఒకే భాండారాన్ని పంచుకొనేచోట, 2005లో వచ్చిన లినక్సు 2.6.12కు పూర్వం ఫ్లాక్ తాళం ఏ యంత్రానికి ఆ యంత్రంలోనే చెల్లేది. ఆ తరువాత దానిని వేరొక రకపు తాళంగా మార్చి సర్వరుకు పంపే ఏర్పాటు వచ్చినది. అయినా అటువంటిచోట ముందుగా పరీక్షించి చూచుకోనిదే నమ్మరాదు.

పరీక్ష ఏమంత కష్టం కాదు. రెండు కిటికీలు తెరచి, మొదటిదానిలో తాళం పట్టి ఒక నిమిషం నిద్రించే ఆదేశాన్ని నడపండి. ఆ నిమిషం లోపల రెండవదానిలో ఎన్ సూచనతో అదే తాళాన్ని అడగండి. వెంటనే తిరిగివస్తే తాళం పనిచేస్తున్నది. మొదటిదానిని నడుమ చంపి మళ్ళీ అడగండి. ఈసారి తాళం దొరకవలె. రెండు నిమిషాలలో ముగిసే ఈ పరీక్షను, వ్యవస్థను నలుగురి చేతికీ అప్పగించక ముందే చేయవలె.

ఆ కార్యాలయంలో ఇప్పుడు ప్రతి ఆదేశానికీ తాళం ఉన్నది. మూలఫైలును కూడ వెంటనే చెరపడం మానివేసినారు. భాండారంలోని ప్రతిని ఒక మనిషి విని సరిచూచిన తరువాతనే తీసివేస్తున్నారు. హరికథలో మిగిలిన చివరి నిమిషాలను జాగ్రత్తగా దాచినారు. వాటిలో కథకుడు మంగళం పాడుతున్నాడు. మొదట ఆయన ఏ దేవునికి నమస్కరించి కథను ఎత్తుకొన్నాడో ఇక తెలిసే అవకాశం లేదు.